అందరూ విన్న మాట

గురువారం పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలకు థోరా హౌగన్ వంటింటి గోడ మీది ఫోను మూడుసార్లు పొట్టిగా మోగింది. అది థోరాకు వచ్చిన పిలుపు కాదు. ఆమెది రెండు పొడుగు, ఒక పొట్టి. మూడు పొట్టి గంటలు వాస్ వాళ్ళవి. ఎల్మ్‌ఫీల్డ్ ఊరికి ఉత్తరాన ఆ మట్టిరోడ్డు పొడుగునా ఉన్న తొమ్మిది ఇళ్ళకీ ఒకటే తీగ. ఎవరికి మోగినా తొమ్మిది వంటిళ్ళలోనూ మోగుతుంది. తనది కాని గంటకు ఫోను ఎత్తకూడదు. అది మర్యాద. ఎత్తి విన్నాక విననట్టే ఉండాలి. అది అంతకంటే పెద్ద మర్యాద.

థోరా చేతిలోని ఆపిల్‌ను గిన్నెలో పెట్టి, చేతులు యాప్రన్‌కు తుడుచుకుని లేచింది. కొక్కేన్ని బొటనవేలితో కిందికి నొక్కిపట్టి, చెవి గొట్టాన్ని తీసి ఆనించుకుని, అప్పుడు మెల్లగా వేలు వదిలింది. అలా చేస్తే టిక్కుమనదు. మాట్లాడే గొట్టం మూతికి యాప్రన్ అంచు కప్పింది. పదకొండేళ్ళ కింద భర్త నీల్స్ పోయినప్పటి నుంచీ చేస్తున్న పని. చెయ్యి దానంతటదే చేసుకుపోతుంది. పదకొండున్నరకు రేడియోలో రోజూ ఒక కథ వస్తుంది. అందులో ఆడవాళ్ళ కష్టాలు చెప్పించేది సబ్బుల కంపెనీవాళ్ళు. లైను మీద వినపడే కష్టాలు సబ్బు దొరకనివాళ్ళవి. థోరాకు రెండోవే నచ్చుతాయి.

అప్పటికే లైను మీద ఒక కెనరీ పిట్ట కూస్తోంది. ఆ రోడ్డులో పిట్టను పెంచేది గెర్దా లిండ్ ఒక్కతే. అంటే ఆమె తనకంటే ముందే ఎత్తింది. ఇంకెవరి ఇంట్లోనో మీగడ తీసే మిషను తిరుగుతున్న చప్పుడు.

"మీ బట్టలుతికే మిషను వచ్చేసిందండీ మిసెస్ వాస్," అంటున్నాడు హార్డ్‌వేర్ కొట్టు క్లిఫర్డ్ పైక్. "నిన్నటి గూడ్సులో దిగింది. పాలలా తెల్లగా ఉంది. బట్టలు పిండే రోలర్లు కూడా కొత్త రకం."

"పంతొమ్మిదో తారీకు మా అమ్మాయి పెళ్ళి. ఆ లోపల ఎవరి కంటా పడకూడదు."

"ఎందుకు పడుతుంది? వెనక షెడ్డులో గుర్రపు జీనుల వెనక పెట్టించి టార్పాలిన్ కప్పాను. ఇప్పుడు జీనులు కావాలని ఎవరొస్తున్నారు?"

"అది సరే, మిషన్ల కోసం పేర్లు రాయించుకున్న లిస్టులో తర్వాతి పేరు ఆ బెక్ పిల్లది కదా?"

"ఉంటే ఉండనీండి. ఫ్యాక్టరీలో సమ్మె అని చెప్తాను. ఈ ఏడాది ఈ దేశంలో ఏది లేకపోయినా సమ్మె అంటే చాలు, జనం తలూపి వెళ్ళిపోతున్నారు."

మిసెస్ వాస్ నవ్వింది. రైతుల ధాన్యం తూచి కొనే పెద్ద గోదాము, ఎలివేటరు, వాళ్ళది. ఆమె నవ్వు కూడా తూకం వేసినట్టే ఉంటుంది. "మావారు మొన్న ఒక దూడను కోయించారు. వెనక తొడ మొత్తం నీకు పంపిస్తానన్నారు. మీ ఆవిడతో చెప్పు, కిటికీలు మూసుకుని వండుకోమను."

"అయ్యో, ఎంత మాట! మాంసం మొహం చూసి నెలయింది. సిటీల్లో అయితే కసాయి కొట్లకు తాళాలే పడ్డాయట, పేపర్లో రాశాడు." అతని గొంతు తగ్గింది. "లైను మీద ఎవరైనా ఉన్నారేమోనండీ?"

"ఉంటారు. ఎందుకుండరు?" అంది మిసెస్ వాస్, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "ఉంటే మాత్రం? విన్నానని చెప్పుకునే మొహం ఎవరికుంది?"

కెనరీ కూత టక్కున ఆగిపోయింది. ఎవరో గొట్టం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

థోరా ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చుంది. తొక్కతీసిన ఆపిల్ అప్పటికే ఎర్రబడుతోంది. కత్తి తీసుకుంది గానీ కోయలేదు. మొహం వేడెక్కింది. పైక్ మీద వచ్చిన కోపం సంగతి అలా ఉంచితే, ఆ చివరి మాట తన చెంప మీదే పడ్డట్టు ఉంది. ఆవిడ తొమ్మిది ఇళ్ళనీ ఒక్కమాటతో నోరు కట్టేసింది. పైగా అందులో అబద్ధం కూడా లేదు.

*

మధ్యాహ్నం థోరా ఒక బుట్టెడు ఆపిల్ పళ్ళు తీసుకుని రోడ్డు దాటి బెక్ వాళ్ళింటికి వెళ్ళింది. పెరట్లో తీగల మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. గురువారం. ఆ చుట్టుపక్కల బట్టలుతికేది సోమవారం. సోమవారం పది గంటల్లోపు ఎవరి తీగ నిండకపోతే వాళ్ళ ఇల్లాలి గురించి మంగళవారం నాటికి మాట పుడుతుంది. లొరీన్ బెక్ తీగ మీద గురువారమూ బట్టలే, శనివారమూ బట్టలే. ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు ఆ ఇంటి ముందు కారు నెమ్మది చేసి చూసి వెళ్ళేవాళ్ళు.

వంటింట్లో ఆవిరి కమ్ముకుని ఉంది. పొయ్యి మీద రాగి బానలో దుప్పట్లు ఉడుకుతున్నాయి. లొరీన్ ఒక కర్రతో వాటిని పైకెత్తి, నీళ్ళు కారనిచ్చి, తొట్టిలో వేస్తోంది. ఇరవై ఆరేళ్ళ మనిషి, వెనక నుంచి చూస్తే నలభై ఏళ్ళ దానిలా ఉంది. కొట్లలో సబ్బు పలుకులు దొరక్క పందికొవ్వుతోనూ కాస్టిక్ సోడాతోనూ ఇంట్లో కాచుకున్న సబ్బు వాడుతోంది. ఆ సబ్బు బట్టల్లోని మురికితోపాటు చేతుల మీది తోలు కూడా తీసుకుపోతుంది. వేళ్ళ కణుపుల దగ్గర పగుళ్ళు ఎర్రగా తెరుచుకుని ఉన్నాయి. రెండు వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. ఆవు పొదుగు పగిలితే రాసే మందు వాసన వస్తోంది.

"కూర్చోండి థోరా గారూ. కుర్చీ మీది బట్టలు కింద పడేయండి, ఏం ఫర్వాలేదు."

పొయ్యి పక్కన ఒక చెక్కపెట్టెలో కవల పిల్లలు ఒకరి మీద ఒకరు కాళ్ళేసుకుని నిద్రపోతున్నారు. పక్కగదిలో చెంచాతో కప్పు మీద కొడుతున్న చప్పుడు. పక్షవాతంతో మంచం పట్టిన మామగారు. ఆయనకు మాట రాదు. రోజుకు నాలుగు దుప్పట్లు తడుస్తాయి.

"వస్తున్నా నాన్నా!" అని కేకేసి లొరీన్ అటు పరుగెత్తింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఇంకో దుప్పటి ఉంది. దాన్ని మొహానికి దూరంగా పట్టుకుని బకెట్లో వేసింది.

ఆర్విన్ లోపలికొచ్చాడు. లొరీన్ భర్త. మొన్న ముగిసిన యూరప్ యుద్ధంలో మంచులో నిలబడి నిలబడి ఎడమ కాలి వేళ్ళు పోగొట్టుకున్నాడు. ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. ఒక్క మాటా అనకుండా తడి దుప్పటి ఒక కొస అందుకున్నాడు. లొరీన్ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపూ మెలితిప్పారు. తిప్పుతుంటే లొరీన్ కింది పెదవి పళ్ళ మధ్యకు వెళ్ళింది. దుప్పటి నుంచి కారిన నీళ్ళలో సన్నటి గులాబీ రంగు ఉంది.

"పొద్దున పైక్ గారికి ఫోను చేశాను," అంది లొరీన్. "ఫ్యాక్టరీలో సమ్మెట. క్రిస్మస్ దాటుతుందట. ఏడు నెలల నుంచీ చూస్తున్నాను. నా ముందున్న ఇద్దరికీ వచ్చాయి, ఇప్పుడు నా పేరు. నా పేరు దగ్గరకొచ్చేసరికి సమ్మె."

"సమ్మె చేసేవాళ్ళకూ ఇంట్లో పిల్లలుంటారులే," అన్నాడు ఆర్విన్.

"ఉంటారు! వాళ్ళ పెళ్ళాలు ఇలా బానలో కర్ర తిప్పుతూ కూర్చోరు. వాళ్ళ చేతులతో తయారుచేసిన మిషన్లు వాళ్ళింట్లోనే ఉంటాయి. జీతాలు చాలవట! దేవుడు చూస్తాడు వాళ్ళ పని!"

థోరా తల దించుకుంది. ఎక్కడో వందల మైళ్ళ అవతల, ఏ పాపమూ ఎరగని కూలివాళ్ళకు తగులుతున్నాయి ఆ శాపాలు. పైక్ మిషనును ఒక్కదాన్నే దాచలేదు. ఈ పిల్ల కోపాన్ని కూడా దొంగిలించి వేరేవాళ్ళ గుమ్మంలో పడేశాడు.

"ఒకసారి కొట్టుకు వెళ్ళి నీ కళ్ళతో నువ్వే చూసుకోరాదూ?" అంది.

"ఏం చూడను? ఫోనులో చెప్పాడుగా."

"ఫోనులో చెప్పేవన్నీ..."

అక్కడ ఆగిపోయింది. మాట పెదవుల దాకా వచ్చింది. దాని వెనకే ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మూడు వారాల కింద లొరీన్ పక్క జిల్లాలో ఉన్న తల్లికి ఫోను చేసింది. చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూ, 'ఆ ముసలాయన పోతే బాగుండునని అనిపిస్తోందమ్మా, నేను మనిషినేనా?' అంది. ఆ మాట కూడా థోరా విన్నది. ఎవరితోనూ అనలేదు. విన్నానని లొరీన్‌కు తెలిస్తే ఈ గుమ్మం ఇంక తొక్కగలదా?

"పళ్ళు త్వరగా వాడేసుకో," అని లేచింది. "రెండింటికి దెబ్బ తగిలింది."

*

శుక్రవారం థోరా గెర్దా లిండ్ ఇంటికి నడిచి వెళ్ళింది. ఫోను చేయలేదు. ఆ విషయం ఫోనులో మాట్లాడేది కాదు.

గెర్దా మైదాముద్ద పిసుకుతోంది. బొద్దుగా ఉండే మనిషి, నోరు ఊరుకోదు. కిటికీలో పంజరంలో కెనరీ పిట్ట. "రా, రా! కాఫీ ఉంది. పౌను యాభై సెంట్లు అయిందని మావారు కప్పులో సగమే పోయమంటున్నారు. నువ్వు నిండా తాగు, ఆయన కోళ్ళ దగ్గరున్నాడు."

"గెర్దా, నిన్న పొద్దున వాస్ వాళ్ళకు వచ్చిన ఫోను..."

గెర్దా చేతులు పిండిలో ఆగాయి. "ఏ ఫోను?"

"మూడు పొట్టి. తొమ్మిదీ పదికి."

"ఆ టైంలో నేను కోళ్ళ గూడు కడుగుతున్నా."

"నీ పిట్ట కూత వినపడింది."

"పిట్ట వినుంటే పిట్టనే అడుగు." గెర్దా ముద్దను ఎత్తి బల్ల మీద గట్టిగా కొట్టింది. "థోరా, నీకు ఇవాళేమైంది? పైక్ దగ్గర మావారికి మేకుల నుంచి ట్రాక్టరు సామాన్ల దాకా అరువు ఖాతా ఉంది. వాస్ దగ్గరే మా మొక్కజొన్న అమ్మాలి. నేను ఏం విన్నానంటావు? విని ఏం చేయమంటావు?"

"ఆ పిల్ల చేతులు చూశావా?"

గెర్దా ముద్ద మీద గుడ్డ కప్పింది. మెల్లగా, "చూశాను," అంది. "నేను చూడలేదని ఎవరన్నారు? కానీ విన్నానని చెప్తే రేపటి నుంచి ఎవరైనా మనతో మాట్లాడతారా? నా గురించి ఎవరేమనుకుంటారో చెప్పు. నువ్వు ఒంటరిదానివి, నీకేం."

థోరా కాఫీ తాగకుండానే వచ్చేసింది. దారంతా నీకేం, నీకేం అనే మాట చెప్పుల్లో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. ఒంటరిదానికి ఆ లైను తప్ప ఇంకేముంది? సాయంత్రం వాన పడుతుందా అని ఒకరు ఒకరిని అడిగే మాట, జ్వరం తగ్గిన పిల్ల కబురు, ఎవరింట్లోనో నవ్వు. పోగొట్టుకునేది తనకే ఎక్కువ.

*

శనివారం రోడ్డు మీది జనమంతా ఊళ్ళోకి వచ్చే రోజు. మీగడ క్యాన్లు వెన్న తీసే క్రీమరీలో దింపి, గుడ్లు కిరాణాలో ఇచ్చి, సరుకులు తీసుకుంటారు. ఆ రోజు కిరాణా కొట్లో అందరి నోటా ఒకటే మాట. మీగడ ఇచ్చింది మనం, వెన్న పౌను తొంభై అయిదు సెంట్లు పెట్టి కొనేదీ మనమేనా అని. తర్వాత మగవాళ్ళూ ఆడవాళ్ళూ పైక్ కొట్లో చేరారు. బయట గాలి కోస్తోంది, కొట్లో పొయ్యి వేడిగా ఉంది, రేడియో వాగుతోంది. మాంసం మీద ధరల కట్టడి ఎత్తేస్తారా ఉంచుతారా అని ఎవరో పెద్దమనిషి వాదిస్తున్నాడు.

"ఎత్తేస్తే మాంసం వస్తుంది, మన దగ్గర డబ్బుండదు. ఉంచితే మన దగ్గర డబ్బుంటుంది, మాంసం రాదు," అన్నాడు పొయ్యి పక్కనున్న ముసలాయన. అంతా నవ్వారు. పైక్ అందరికంటే గట్టిగా నవ్వాడు. అతని మొహం నూనె రాసుకున్నట్టు నిగనిగలాడుతోంది.

గెర్దా లాంతరు గ్లాసులు చూస్తోంది. వాళ్ళ రోడ్డు వాళ్ళే ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు మేకుల పెట్టెల దగ్గర ఉన్నారు. థోరా వాళ్ళకు కాస్త ఎడంగా, ఖాళీ గుడ్ల పెట్టె చేత్తో పట్టుకుని నిలబడింది. గోడ మీద మేకుకు గుచ్చిన లిస్టు. మొదటి రెండు పేర్లకు గీత కొట్టి ఉంది. మూడోది లొరీన్ బెక్.

తలుపు గంట మోగింది. లొరీన్, వెనక ఆర్విన్. లొరీన్ ఉన్ని చేతి తొడుగులు తొడుక్కుంది.

"పైక్ గారూ, ఏమైనా కబురుందా అని..."

"ఉంటే నేనే పరుగెత్తుకుని రానూ?" పైక్ రెండు చేతులూ చాచాడు. "ఏం చెయ్యమంటావమ్మా. ఆ యూనియన్ వాళ్ళు గేటు ముందు కూర్చున్నారట, లోపలికి పిట్టను కూడా పోనివ్వటం లేదట. మా చేతుల్లో ఏముంది చెప్పు?"

లొరీన్ తలూపింది. తలూపి వెళ్ళిపోబోయింది. అంతటితో పోయి ఉంటే ఏమయ్యేదో. కానీ పైక్ వ్యాపారి. వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పోనివ్వడు.

"ఒక్క నిమిషం. ఈలోగా దీంతో పని కానిచ్చుకో." బల్ల కింద నుంచి ఒక బట్టలు రుద్దే పలక తీసి పైన పెట్టాడు. "గాజుది. రేకుదానిలా గీసుకోదు. చేతులకు మెత్తగా ఉంటుంది. నీకని పక్కన పెట్టాను."

కొట్లో ఎవరూ కదల్లేదు. మేకుల దగ్గర ఒకావిడ మేకు తీసి మళ్ళీ పెట్టెలో వేసింది. లొరీన్ ఆ పలక మీది గాజు గట్లను చూసింది. "ఇవ్వండి," అంది. చేతిసంచి తెరవడానికి కుడి తొడుగు లాగింది. అది రాలేదు. పుండుకు అంటుకుంది. మళ్ళీ లాగింది, మొహం చిట్లించుకుంది. తొడుగు వచ్చింది. పైక్ ఆ చేతిని చూసి కళ్ళు తిప్పుకుని, కాగితం చింపి పలకను చుట్టడం మొదలుపెట్టాడు.

"ఆ పలక కొనకు లొరీన్," అంది థోరా.

తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"ఎందుకండీ?"

"నీ మిషను వచ్చింది. బుధవారం గూడ్సులో దిగింది. పంతొమ్మిదో తారీకున మిసెస్ వాస్ కూతురికి పెళ్ళి కానుకగా పోతోంది. దూడ వెనక తొడకు మారుగా."

పైక్ నవ్వాడు. కానీ ముందు నవ్విన నవ్వు కాదు. "మిసెస్ హౌగన్, వయసు మీద పడితే ఇలాంటివి వినపడుతుంటాయి. ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు చెప్తుంటే విన్నాను. గురువారం తొమ్మిదీ పదికి. మూడు పొట్టి గంటలు."

రేడియోలో పెద్దమనిషి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎవరో దాన్ని తగ్గించారు.

"ఓహో," అన్నాడు పైక్. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, ఇంకెవరూ లేనట్టు, ఆమెనే చూస్తూ సాగదీసి అన్నాడు. "అంటే మీరు లైను మీద కూర్చుని ఇతరుల మాటలు వింటారన్నమాట. చర్చిలో ముందు వరుసలో కూర్చునే మిసెస్ హౌగన్! ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండేళ్ళ నుంచి."

"అందరివీనా?"

"అందరివీ."

పైక్ తలెత్తి కొట్టు నలువైపులా చూశాడు. "మీ లైను వాళ్ళు చాలామందే ఉన్నారిక్కడ. ఈవిడ విన్నానంటున్నది ఇంకెవరైనా విన్నారా? విని ఉంటే చెప్పండి, సిగ్గుపడకండి."

మేకుల దగ్గరి ముగ్గురూ మేకులనే చూస్తున్నారు. గెర్దా లాంతరు గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని పగులు ఉందేమోనని తిప్పి తిప్పి చూస్తోంది. ఆమె చెవులు ఎర్రగా కందిపోయాయి. గ్లాసు తిప్పడం మాత్రం ఆపలేదు.

"అదీ సంగతి," అన్నాడు పైక్.

"గుర్రపు జీనుల వెనక," అంది థోరా. "టార్పాలిన్ కింద."

అంతవరకూ తలుపు దగ్గర నిలబడిన ఆర్విన్ కదిలాడు. పైక్ బల్ల వెనక నుంచి, "అటు ప్రైవేటు, అటు వెళ్ళకూడదు," అంటుండగానే కుంటుకుంటూ వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. షెడ్డులో ఏదో బరువైనది జరిగిన చప్పుడు. జీనుల గంటలు గలగలమన్నాయి.

తిరిగొచ్చినప్పుడు అతని టోపీకి సాలెగూడు అంటుకుని ఉంది. చేతిలో ఒక అట్టచీటీ, దానికి ఇనుప తీగ.

"మన పేరే ఉంది," అన్నాడు లొరీన్‌తో. "ఫ్యాక్టరీలో కట్టిన చీటీ. విప్పడం కూడా మర్చిపోయాడు."

పొయ్యి దగ్గరి ముసలాయన పొగాకు ఉమ్మే డబ్బాలోకి గట్టిగా ఉమ్మాడు. పైక్ పొరపాటని, పనివాడు చూసుకోలేదని, ఇవాళే కబురు పెడదామనుకున్నానని ఒకదాని మీద ఒకటి చెప్పాడు. ఆర్విన్ కంపెనీ ధర ఎంతో అంత బల్ల మీద పెట్టి, పైన ఒక్క సెంటు కూడా పెట్టకుండా, ముసలాయన్నీ ఇంకో మనిషినీ సాయం పిలిచి షెడ్డులోకి నడిచాడు.

లొరీన్ మాత్రం కదల్లేదు. థోరాను చూస్తోంది. చూస్తుండగానే ఆమె మొహంలో రంగు దిగిపోయింది.

"మూడు వారాల కింద," అంది. "మా అమ్మతో నేను మాట్లాడింది. అది కూడానా?"

కాదని చెప్పేస్తే అయిపోయేది. కొట్లో అందరికీ ఆ ఒక్క అబద్ధం నచ్చేది.

"విన్నాను," అంది థోరా.

లొరీన్ చేతిలోని తొడుగును నేల మీద పారేసుకుంది. ఒంగి తీసుకుంది. "మిసెస్ హౌగన్," అంది. తలుపు తీసుకుని బయటికి, ట్రక్కు వైపు వెళ్ళిపోయింది. మేకుల దగ్గరి ముగ్గురూ కూడా థోరాకు దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగారు. ఒక మనిషి పట్టేంత దారి చాలు. వాళ్ళు ఇద్దరు పట్టేంత జరిగారు.

*

ఆదివారం చర్చి అయ్యాక కింది గదిలో కాఫీ. థోరా తన ఆపిల్ కేకు తీసుకొచ్చింది. ప్రతి వారం అందరికంటే ముందు ఖాళీ అయ్యే పళ్ళెం అది. ఆ వారం దాని మీద కత్తి పడలేదు.

ఆమె ఏ గుంపు దగ్గరికి వెళ్ళినా మాట వాన మీదికి మళ్ళుతోంది. వాన, గాలి, మొదటి మంచు. వాస్ వాళ్ళ బల్ల చుట్టూ మాత్రం నవ్వులున్నాయి. మిసెస్ వాస్ కొత్త టోపీ పెట్టుకుంది. ఒక్కసారి థోరా వైపు చూసి, తల వంచి మర్యాదగా పలకరించింది. ఆ పలకరింపే అన్నిటికంటే పెద్ద దెబ్బ. మాంసం తొడతో ఇంకొకరి మిషను కొనబోయిన మనిషి తల ఎత్తుకుని కూర్చుంది. తలలు వంచుకోవలసినవాళ్ళంతా ఆమె చుట్టూ చేరి కేకు తింటున్నారు.

"మా ఇంట్లో రాత్రి ఏం వండుకున్నామో థోరాకు వేరే చెప్పక్కర్లేదులే," అంది ఒకావిడ, వినపడేటట్టే. నలుగురు నవ్వారు. గెర్దా నవ్వలేదు. నవ్వకుండా కాఫీలో చెంచా తిప్పుతూనే ఉంది. అసలు అందులో చక్కెర వేసుకోలేదు. చక్కెర ఇంకా రేషన్లోనే ఉంది.

బెక్ వాళ్ళు రాలేదు.

థోరా కేకు పళ్ళెం మీద గుడ్డ కప్పి ఇంటికి తెచ్చుకుంది. కోళ్ళకు వేసింది. ఆ మధ్యాహ్నం ఫోను ఎన్నోసార్లు మోగింది. ఎవరివో ఎవరివో గంటలు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఒకసారి మాత్రం అలవాటు కొద్దీ చెయ్యి లేచింది. తన చేతి వంకే కాసేపు చూసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. తప్పు చేశాననుకుందా అంటే, చేసింది. పదకొండేళ్ళు చేసింది. కానీ ఆ తప్పు తనొక్కతే చేసినట్టు ఊరంతా కలిసి తీర్మానించుకోవడం ఆమెకు మింగుడుపడలేదు. తొమ్మిది ఇళ్ళ తప్పు ఒక్క ఇంటి గుమ్మంలో దింపి, చేతులు దులుపుకున్నారు. పైక్ కొట్టు రేపు మళ్ళీ తెరుస్తాడు. అందరూ వెళ్తారు.

*

సోమవారం పొద్దున ఎండ వచ్చింది. థోరా తన నాలుగు బట్టలూ ఉతికి ఆరేసేసరికి ఎనిమిదిన్నర. రోడ్డవతల బెక్ వాళ్ళ పెరట్లో తీగలు ఖాళీగా ఉన్నాయి. మిషను పని చేయలేదేమోననుకుంది. మొన్న వసంతంలో వచ్చిన కరెంటు ఇంకా వచ్చీపోతూ ఉంటుంది. లేదా సిగ్గుతో తిప్పి పంపేశారేమో.

తొమ్మిదవుతుండగా ఫోను మోగింది.

రెండు పొడుగు, ఒక పొట్టి.

థోరా గంట ముగిసే దాకా నిలబడింది. తప్పు గంట అనుకుంది. మళ్ళీ మోగింది. రెండు పొడుగు, ఒక పొట్టి. వెళ్ళి, కొక్కేన్ని నొక్కిపట్టకుండా, మామూలుగా చెవి గొట్టం ఎత్తింది. టిక్కుమంది.

"హలో?"

అవతల ఊపిరి. తర్వాత లొరీన్ గొంతు. "థోరా గారూ, నేను."

"చెప్పు."

"నేను ఇంకా మిమ్మల్ని క్షమించలేదు. నిన్నంతా ప్రయత్నించాను, నావల్ల కాలేదు." అవతల బకెట్ కింద పెట్టిన చప్పుడు. "నిన్న సాయంత్రమే ఆర్విన్‌కు నేనే చెప్పేశాను, అమ్మతో ఏమన్నానో. ఇంకొకరి నోట వినడం ఎందుకని. వెళ్ళి వాళ్ళ నాన్న దుప్పటి ఆయనే మార్చాడు. ... థోరా గారూ, మీరేమీ మాట్లాడకండి. మీకు వినడం బాగా వచ్చుగా. వినండి."

చెవి గొట్టం గోడకు తగిలిన చప్పుడు. చెక్కనేల మీద ఏదో దొర్లింది. ఇనుప చక్రాలు. తర్వాత చిన్న టక్కు. ఆ వెంటే మొదలైంది. నీళ్ళు ఇటూ అటూ కొట్టుకుంటున్నాయి, గుభుక్కు గుభుక్కుమని, ఆగకుండా, ఎవరి చెయ్యీ పడకుండా. నాలుగు దుప్పట్లు లోపల వాటంతటవే తిరుగుతున్నాయి. వెనక ఎక్కడో ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టి, ఆ చప్పుడుకు ఊరుకుంది.

థోరా కళ్ళు మూసుకుంది. కుర్చీ దగ్గరికి లాక్కోవాలని కూడా తోచలేదు.

టిక్కుమంది లైను మీద. ఎవరో ఎత్తారు. కాసేపటికి ఇంకో టిక్కు. మరొకటి. ఎవరి కొక్కెం మీదా బొటనవేలు లేదు. ఎవరూ పలకలేదు. ఎవరూ పెట్టేయలేదు. అన్ని వంటిళ్ళలోనూ ఒకే దుప్పట్లు తిరుగుతున్నాయి.

"ఇంకాస్త దగ్గరికి జరుపవే లొరీనూ," అంది ఒక గొంతు. "సరిగ్గా వినపడి చావటం లేదు."

అవతల అడుగులు వచ్చి ఫోను దగ్గర ఆగాయి.

"ఎవరది?" అంది లొరీన్.

థోరా పేరు అందించలేదు. ఆ గొంతు ఎవరిదో తొమ్మిది ఇళ్ళకూ తెలుసు. ఆ మనిషే చెప్పాలి, అంతే.

"నేనే," అంది ఆ గొంతు చివరికి, విసుక్కుంటున్నట్టు. "గెర్దాని. గెర్దా లిండ్‌ని. గురువారం కూడా ఉన్నాను."

చక్రాలు మళ్ళీ దొర్లాయి. చప్పుడు దగ్గరైంది.